అజ్ఞానము అందమైన కథ

మా వీథి చివర పాత పిండిమర ఒకటి ఉన్నది. సంక్రాంతి దగ్గరపడిన దినములలో దాని యెదుట డబ్బాలు, గిన్నెలు, గుడ్డసంచులు బారులు తీరును. గోధుమలు పట్టించుటకై ఒకనాడు నేను అక్కడ నిలిచియుండగా, నాకు ముందున్న అవ్వ ఒకతె జంతికలకు బియ్యము తెచ్చినది. “రవ్వగానా అవ్వా, నైసుగానా?” అని మరవాడు అడిగినాడు. “జంతికలకు నాయనా, నైసుగా పట్టు” అని ఆమె చెప్పినది. పిండి గొట్టము నోట దిగుచుండగా చిటికెడు తీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నులిమి చూచి, “ఇంకా బరకగానే ఉంది, బిగించి ఇంకోసారి వెయ్యి” అన్నది. వాడు చక్రము బిగించి మరల వేసినాడు. రెండవమారు వచ్చిన పిండి వ్రేళ్ల నడుమ పట్టుబడక జారిపోయినది. అప్పుడుగాని ఆమె డబ్బాకు మూత పెట్టలేదు.

ఆ అవ్వ ఇంగ్లీషు చదువుకొన్నది కాదు. ఆమె నోట “నైసు” అనునది మరమాట, ఇంటిమాట, అచ్చముగ తెలుగుమాట. అయినను నాలుగు వందల ఏండ్ల క్రిందట లండను నగరమున విద్యావంతులు ఆ పదమును ఏ అర్థములలో వాడుచుండిరో వానిలో ఒకదానికి, అనగా సన్ననిది, సూక్ష్మమైనది, బరకతనము లేనిది అను అర్థమునకు, ఆమె వాడుక అతి సమీపమున ఉన్నది. నేటి ఇంగ్లీషువారు టీ బాగున్నను, వాన వెలిసినను, పొరుగువాడు పలుకరించినను “నైస్” అనియే అందురు. సూక్ష్మమను అర్థము వారి నిత్యవ్యవహారమునుండి ఇంచుమించు తొలగిపోయినది. ఆనాడు గోధుమపిండితో ఇంటికి వచ్చి నేను తీసిన నిఘంటువు సాయంకాలము వరకు నన్ను విడువలేదు. హాయిని, ఇంపును, సంతోషమును తెలుపు ఇంగ్లీషు పదముల పుట్టుపూర్వోత్తరములు చదువుకొలది, ఇంపును చెప్పు పదము ఇంపునుండి పుట్టుట ఎంత అరుదో నాకు తెలియవచ్చినది. మౌఢ్యమునుండి, మోసమునుండి, భయమునుండి, చలినుండి అవి పుట్టినవి. పుట్టిన చోటు మరచి మనలను మెప్పించుచున్నవి.

“నైస్” యొక్క జన్మస్థానము రోమనుల లాటిను భాష. అందు “స్కిరే” అనగా తెలియుట. దానికి నిషేధార్థకమైన “నె” ముందు చేరగా “నెస్కియస్” అయినది. తెలియనివాడు, అజ్ఞాని అని దాని అర్థము. లోకమంతయు గౌరవించు “సైన్స్” అను పదమును ఆ “స్కిరే” నుండియే పుట్టినది. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకరు శాస్త్రమునకు పేరై నిలువగా, రెండవవారు అజ్ఞానమునకు పేరై బయలుదేరి, దారిలో వేషములు మార్చి మార్చి మనోహరత్వమునకు పేరైనారు. ఫ్రెంచివారి నోటబడి కురుచయైన ఈ పదము, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆ దేశమున ప్రవహించిన ఫ్రెంచి పదముల వెల్లువలో కొట్టుకొనివచ్చి, సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లీషున కనబడుచున్నది. అప్పటికిని మూర్ఖుడనియే అర్థము. 1400లో మరణించిన చాసర్ మహాకవి దీనిని తెలివితక్కువతనమును చెప్పుటకే వాడినాడు. ఆ కాలపు మనిషిని నేడు మనము “నైస్” అని మెచ్చుకొనిన యెడల అతడు మనతో కలహమునకు దిగియుండును.

మూర్ఖత్వమునుండి మనోజ్ఞతకు ఒక్క గంతున చేరుట ఏ పదమునకును సాధ్యము కాదు. మధ్యనున్న మెట్లు చూచిననే దీని వింత తెలియును. బుద్ధి తక్కువవాడు మితిమీరి వేషము వేయును. కనుక ఆడంబరమైన ఉడుపు ధరించువానికి ఈ పేరు వచ్చినది. మితిమీరి అలంకరించుకొనువాడు కష్టమునకు ఓర్వని సుకుమారుడై ఉండును. కనుక సుకుమారునికి ఈ పేరు వచ్చినది. సుకుమారుడు కూరలో ఉప్పు రవ్వంత హెచ్చినను విస్తరి ముందునుండి లేచును, పడకపై ముడుత యున్నను నిదురపోడు. కనుక ప్రతిదానికి వంక పెట్టువానికి ఈ పేరు వచ్చినది. వంక పెట్టువాని కంటికి చిన్న చిన్న భేదములు కూడ కనబడును. కనుక సూక్ష్మదృష్టికి, సూక్ష్మదృష్టితో చేసిన పనికి, అట్టి పని యొక్క నాజూకుతనమునకు ఈ పేరు వచ్చినది. నాజూకుగా ఉన్నది చూడముచ్చటగా ఉండును. అక్కడినుండి కేవలము బాగున్నది అను అర్థమునకు అడుగు మాత్రమే దూరము. ఇన్ని మెట్లలో ఏ ఒక్క మెట్టును ఎవ్వరును బుద్ధిపూర్వకముగ కట్టలేదు. మాటాడుకొను జనులు, తాము ఏమి చేయుచున్నామో ఎఱుగకయే, తరతరములుగా కట్టినారు.

ఈ అర్థములు ఒకదాని వెనుక ఒకటి వరుసగా వచ్చి పోయినవని తలచుటయు పొరపాటు. అనేకము ఒకే కాలమున కలసి నివసించినవి. పదునారవ శతాబ్ది చివర షేక్‌స్పియర్ వ్రాసిన “రోమియో అండ్ జూలియట్” నాటకమున, ప్రియురాలి మరణము కల్ల అని తెలుపు లేఖ రోమియోకు చేరలేదని విని సన్న్యాసి విలపించు ఘట్టము కలదు. ఆ లేఖ అల్పవిషయమును గూర్చినది కాదని చెప్పుచు, ఆ “అల్ప” అను అర్థమునకు కవి ఈ పదమునే వాడినాడు. అదే కవి మరియొక చోట సూక్ష్మతకును, వేరొక చోట బిడియమునకును దీనినే వాడును. జేమ్స్ మర్రీ సంపాదకత్వమున 1884లో తొలి భాగము వెలువడి, ఆయన గతించిన పిమ్మట 1928లో పూర్తియై, 4,14,825 పదములకు చరిత్ర చెప్పిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువువారు కూడ, పదునారు పదునేడు శతాబ్దుల ఉదాహరణములు అనేకములలో రచయిత ఈ పదమును ఏ అర్థమున ఉద్దేశించెనో చెప్పుట కష్టమని ఒప్పుకొన్నారు. నిఘంటుకారులకే అంతుచిక్కక జారిపోయిన ఆ అర్థము, మరలో రెండవమారు పట్టిన పిండినే నాకు జ్ఞప్తికి తెచ్చినది.

1755లో శామ్యూల్ జాన్సన్ వెలువరించిన నిఘంటువున ఈ పదమునకు సూక్ష్మత, నిశితత్వము, అతిజాగ్రత్త, సులభముగ నొచ్చుకొను స్వభావము మొదలైన అర్థములే కనబడును. ఆ తరువాతి దశాబ్దియందు “ఇంపైనది” అను నేటి అర్థము వ్రాతలోనికి ఎక్కినది. ఎక్కినది మొదలు దావానలమువలె వ్యాపించినది. జేన్ ఆస్టెన్ మరణానంతరము 1817 డిసెంబరులో ప్రకటితమైన “నార్తాంగర్ ఆబీ” నవలయందు దీనికి సాక్ష్యముగ ఒక చక్కని ఘట్టము కలదు. బాత్ నగరమునకు పైనున్న బీచెన్ కొండ చుట్టును మిత్రులు వాహ్యాళికి బయలుదేరుదురు. పదునేడేండ్ల కేథరిన్ తనకు ప్రియమైన భయానక నవలను గూర్చి ఈ మాట వాడగా, హెన్రీ టిల్నీ అను యువకుడు ఆమెను పట్టుకొని ఆటపట్టించును. పుస్తకమునకు ఆ గుణము కట్టిన అట్టనుబట్టి వచ్చునని, పూర్వము నాజూకును శుచిని తెలిపిన పదము నేడు సమస్త ప్రశంసలను మ్రింగివేసినదని అతని వాదము. అతని చెల్లెలు కేథరిన్ పక్షము వహించును. నాకును ఆ చెల్లెలి పక్షమే న్యాయమని తోచును. హెన్రీ అసలర్థమని పట్టుకొని వ్రేలాడినది కూడ నడుమనున్న ఒక మెట్టే. అతడు కోరినట్లు మూలార్థమునకే పోవలసివచ్చినయెడల కేథరిన్ తన నవలను మూర్ఖపు నవల అన్నట్లగును. పదమునకు ఒక స్వర్ణయుగమున్నదని, దానినుండి అది పతనమైనదని తలచువారందరును తమ చిన్ననాటి అర్థమునే స్వర్ణయుగమనుకొందురు.

ఈ ప్రయాణము తెలుగువారికి పరాయిది కాదు. “ముగ్ధమనోహరము” అని మనము నిత్యము వ్రాయుదుము. ముగ్ధ అనిన మనకు స్ఫురించునది తామరమొగ్గవంటి ముఖము, లోకమింకను ఎఱుగని చూపు, పెదవి దాటని మాట. కాని “ముహ్” ధాతువునకు తెలివి తప్పుట, మోహము చెందుట అని అర్థము. ఆ ధాతువునకు రెండు క్తాంతరూపములు గలవు. ఒకటి ముగ్ధ, రెండవది మూఢ. వ్యాకరణమున ఇవి తోబుట్టువులు. మూఢుడు మాత్రము పుట్టినచోటనే ఉండిపోయినాడు. ముగ్ధ తెలియనిదై, అమాయకయై, ఆ అమాయకత్వముచేతనే సుందరియై, అలంకారశాస్త్రమున మధ్యకును ప్రౌఢకును ముందు పీటపై కూర్చున్నది. ఏ సంబంధమును లేని రెండు దేశములలో రెండు పదములు తెలియనితనమునుండి బయలుదేరి సౌందర్యమును చేరుకొన్నవి. మానవహృదయమున ఈ రెంటికిని నడుమ ఏదో దారి ఉన్నది కాబోలునని నేను నమ్ముదును. పసిబిడ్డను చూచి మనకు కలుగు వాత్సల్యమున, వానికి ఏమియు తెలియదనుట ఎంత భాగమో తల్లులందరికిని తెలిసినదే.

దీనికి ప్రతిముఖముగ నిలిచినది “క్వైంట్” అను పదము. పాతకాలపు ఇల్లు, ఇరుకైన రాతివీథి, అమ్మమ్మనాటి నగ, ఇట్టివానియందు ముచ్చట గొలుపు వింతదనమును నేటి ఇంగ్లీషున ఈ పదము చెప్పును. దీనికి మూలము లాటినులోని “కోగ్నితుస్”, అనగా తెలిసినది. తెలిసినవాడు తెలివిగలవాడైనాడు, తెలివిగలవాని చేతిపని నేర్పుగలదైనది, నేర్పుగలది సొగసైనది, సొగసైనది కాలము చెల్లి వింతయైన ముచ్చటగా మిగిలినది. ఈ “కోగ్నితుస్” నందలి ధాతువును, మన “జ్ఞా” ధాతువును ఆదిలో ఒక్కటే. మనస్సును ఎఱిగినది “మనోజ్ఞము” అని మనవారు “జ్ఞా” ధాతువునుండియే ఇంపునకు పేరు చేసినారు. తెలియని దానినుండి “నైస్”, “ముగ్ధము” పుట్టినవి. తెలిసిన దానినుండి “క్వైంట్”, “మనోజ్ఞము” పుట్టినవి. జ్ఞానాజ్ఞానములు రెండును ఇట్లు రెండు ఖండములలోను అందముననే కలిసికొన్నవని కనుగొన్న సాయంకాలము నాకు చిరకాలము గుర్తుండును.

ఇట్లు మంచికి ఎక్కినవి ఇంకను గలవు. మోసగానిని, జిత్తులమారిని చెప్పు పాత ఇంగ్లీషు పదము “ప్రిటీ” అయి చక్కని చుక్కకు విశేషణమైనది. పిచ్చివాడను అర్థముగల “ఫాండ్”, పిచ్చిప్రేమ అను మెట్టు మీదుగా మక్కువకు పేరైనది. పిల్లలమీద, పాటలమీద మనకును పిచ్చియే గదా ఉండుట! సూటిగా పొడుచు వాడితనమును చెప్పు “అక్యూట్” తల తెగి “క్యూట్” అయి, పందొమ్మిదవ శతాబ్దిని అమెరికాలో ముద్దులొలుకు బిడ్డకు పేరైనది. అర్థము ఇట్లు మేలుకు పరిణమించుటను మన భాషాశాస్త్రజ్ఞులు అర్థోత్కర్ష అనిరి.

కాని ఎక్కిన మెట్లే దిగుటకును పనికివచ్చును. ఉత్కర్ష కథకంటె నన్ను ఎక్కువగా కదిలించినది “సిల్లీ” యొక్క పతనము. నేడు బుద్ధిలేని పనికి పెట్టు ఈ పేరు, ఒక వెయ్యి యేండ్ల క్రిందటి పాత ఇంగ్లీషున “సేలిగ్”. ధన్యుడు, భాగ్యవంతుడు, దైవానుగ్రహము గలవాడు, ఆనందమయుడు అని దానికి అర్థము. జర్మనువారి “సేలిగ్” నేటికిని ఆ పవిత్రార్థముతోనే జీవించియున్నది. ఇంగ్లండున ఆ ధన్యుడు మొదట పాపమెఱుగని సాధువైనాడు, సాధువు నోరులేనివాడైనాడు, నోరులేనివాడు జాలిపడదగిన దీనుడైనాడు, దీనుడు చేతగానివాడై, పదునారవ శతాబ్దికి తెలివిలేనివాడుగా మిగిలినాడు. మందలోని గొఱ్ఱెకు ఈ విశేషణము చేర్చు అలవాటు చిరకాలముండెను. అది గొఱ్ఱెను తిట్టుట కాదు, దాని నిస్సహాయతకు కరగుట. సాధువును సమాజము ఏ కంటితో చూచినదో ఆ చూపంతయు ఈ ఒక్క పదమున నిలిచియున్నది.

ఇందుకును మనయందు నిదర్శనము కలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని చూడవచ్చును. ఆ బండలపై చక్రవర్తి బిరుదము “దేవానాంపియ”. దేవతలకు ప్రియుడని అర్థము. అంత గొప్ప బిరుదము పిమ్మటి సంస్కృతమున దిగజారి దిగజారి, సిద్ధాంతకౌముది నాటికి మూర్ఖునికి పేరుగా స్థిరపడిపోయినది. దైవానుగ్రహము గలవాడే ఇంగ్లండున “సిల్లీ” అయినాడు, ఇచ్చటను మూర్ఖుడైనాడు. ఎర్రగుడి బండ మాత్రము మారలేదు. చెక్కిన అక్షరము చెక్కినట్లే ఉన్నది, చదువువారి మనస్సు మారినది.

“సేలిగ్” దిగిపోగా ఆనందమునకు పేరు కరవైన ఇంగ్లీషువారు, సముద్రము మీదుగా వచ్చిన నార్సుజాతులవారి మాట నొకదానిని ఆశ్రయించినారు. “హాప్” అనగా యాదృచ్ఛికము, అదృష్టము. దానినుండి “హ్యాపీ” అనగా పదునాలుగవ శతాబ్ది చివర కేవలము అదృష్టవంతుడని. తెలియక జరుగుటను చెప్పు “హ్యాపెన్”, బహుశా అను “పర్హాప్స్”, కీడుగా జరిగిన “మిస్‌హ్యాప్” మొదలగునవి దాని చుట్టములు. పుట్టినరోజున మనము పరస్పరము చెప్పుకొను “హ్యాపీ” అను మాటలో తలవ్రాతకు తప్ప మన ప్రయత్నమునకు తావు లేదు. జర్మనువారి “గ్లుక్” అదృష్టమును ఆనందమును రెండింటిని చెప్పును. ఫ్రెంచివారి “బొనర్” మంచి శకునమునుండి పుట్టినది. సుఖము చేతిలోని పని కాదు, పైనుండి పడవలసినది అని ఆ జాతులు ఎంత గట్టిగ నమ్మియుండవలెను!

తక్కినవానిని త్వరగా చెప్పుదును. “గ్లాడ్” అనగా పూర్వము మెరయునది. సంతోషము కలిగినప్పుడు మొగము వెలిగినదని మనమును అందుము గదా. “మెర్రీ” పదమునకు మూలము “పొట్టిది” అను అర్థముగల జర్మానిక్ శబ్దమని భాషాచరిత్రకారులు చెప్పుదురు. హాయిగా గడచు కాలము పొట్టిదిగా తోచును గనుక ఆ పేరు. “ఫైన్” అంతమునుండి పుట్టినది. తుదిముట్ట చేసినది గనుక మేలైనది. “శాడ్” కథ విపరీతమైనది. కడుపు నిండినవాడు, తృప్తి చెందినవాడు అని పూర్వార్థము. నిండుట బరువైనది, బరువు గాంభీర్యమైనది, గాంభీర్యము దుఃఖమైనది. తృప్తియే దుఃఖమైన పదము నాకు తెలిసి మఱి యే భాషయందును లేదు.

ఇంపునకు పేర్లుగా ఇన్ని ఉండగా మఱల మఱల క్రొత్తవి ఏల కావలసివచ్చును? మా చిన్ననాడు పల్లెవీథులలో “రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొడతాం” అని కేకవేయుచు ఉలి సుత్తె పట్టుకొని తిరుగువారు ఉండిరి. తిరగలి రాయి ఎంత గట్టిదైనను విసరి విసరి నున్నబడును. నున్నబడిన రాయిపై గింజ నలగక జారిపోవును. అప్పుడు ఉలితో గాట్లు పెట్టి దానిని మఱల గరుకు చేయవలెను. మెచ్చుకోలు మాటలును అట్టివే. నిత్యము నోట నాని నాని నున్నబడిన “నైస్” పై ఏ అనుభూతియు నలుగదు. అప్పుడు జనులు గరుకైన మాటకొరకు వెదకుదురు. భయమును చెప్పు మాటకంటె గరుకైనది ఏది?

“టెర్రిఫిక్” లాటినున భయపెట్టునది. 1667లో వెలువడిన “పారడైజ్ లాస్ట్” కావ్యమున సృష్టివర్ణనము చేయుచు మిల్టన్, సర్పమునకు గల జూలు భయంకరమని చెప్పుటకు దీనిని వాడినాడు. రెండు వందల ఏండ్లు గడువగా తీవ్రమైనది, మహత్తరమైనది అను మెట్లెక్కి, పందొమ్మిదవ శతాబ్ది చివర అది ప్రశంసగా పరిణమించినది. లాటినులోని ఆ భయధాతువు మన “త్రస్” ధాతువునకు బంధువు. త్రాసము, సంత్రాసము దానినుండియే కలిగినవి; వణకుట దాని తొలి యర్థము. నేడు మన పిల్లలు సినిమా చూచి వచ్చి “అదిరింది” అందురు. అదరుటయు వణకుటయే. వారు ఏ నిఘంటువును విప్పి చూచినవారు కారు. అయినను లాటిను భాషవారి వణుకు ఏ దారిన ప్రశంస అయినదో ఆ దారినే తెలుగు వణుకును నడచినది. భాషను పాడుచేయుచున్నారని పెద్దలు వారిని కసరుకొనుట నేను విన్నాను. అది చెరుపు కాదని, నున్నబడిన తిరగలికి కక్కు కొట్టుటయే అని నా దృఢమైన అభిప్రాయము.

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. దైవసన్నిధిని కలుగు భయభక్తులకు “ఆ” అని ఇంగ్లీషున ఒక పదము. దానినుండి పుట్టినవి “ఆఫుల్”, “ఆసమ్” అను రెండును ఒకనాడు భయభక్తులతో తలవంచదగినదనియే చెప్పెను. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున “ఆఫుల్” పరమ చెడ్డది అను అర్థమునకు దిగజారినది. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికను యువకుల నోట “ఆసమ్” అత్యుత్తమమైనది అను అర్థమునకు ఎక్కినది. తల్లి ఒకతె, పుట్టిన ఇల్లు ఒకటి, అర్థమును మొదట ఒకటే. వాడిన నోళ్లు వేరగుటచేత గతులు వేరైనవి.

భయము తరువాత మంత్రము. “చార్మ్” అనునది లాటిను “కార్మెన్”, అనగా పాట, మంత్రము. “ఎన్‌చాంట్” మంత్రము జపించి కట్టివేయుట. “ఫాసినేట్” చేతబడి చేయుట. వీనికంటె వింతయైనది “గ్లామర్”. చలనచిత్రతారల ముఖములకు నేడు అంటగట్టు ఈ మాట “గ్రామర్” యొక్క స్కాట్లండు ఉచ్చారణము. గ్రామర్ అనగా వ్యాకరణమే. చదువురాని జనుల కాలమున లాటిను వ్యాకరణము ఎఱిగినవాడు గ్రంథములు తెలిసినవాడు, గ్రంథములు తెలిసినవాడు మంత్రతంత్రములు తెలిసినవాడు అని లోకము నమ్మినది. ఆ మంత్రముచేత కంటికి గప్పబడిన మాయకు గ్లామర్ అని పేరు. సర్ వాల్టర్ స్కాట్ 1805లో ప్రకటించిన “ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్” మొదలైన తన రచనలద్వారా దీనిని ఇంగ్లీషు పాఠకులకు పరిచయము చేసినాడు. మాయ పోయి మోహము మిగిలినది, మోహము పోయి తళుకు మిగిలినది. శబ్దమంజరి వల్లెవేయలేక కన్నీరు పెట్టుకొన్న ఏ విద్యార్థికైనను వ్యాకరణమే సౌందర్యమునకు తల్లి అని చెప్పదలచినయెడల ఈ కథ చాలును.

“కూల్” కథ మన ఎండలకు దగ్గరిది. చలిదేశమైన ఇంగ్లండున ఆదరము వెచ్చనిది, నిరాదరము చల్లనిది. ఆ భాషలోనే చల్లదనము ప్రశంస అగుట విచిత్రము. ఆవేశపడని నిబ్బరమునకు ఆ మాట వాడుట పాతదే. కాని దానికి శోభ తెచ్చినవారు అమెరికాలోని నల్లజాతి సంగీతకారులు. ఎదుటివాడు అడుగడుగున అవమానించు దేశమున, ముఖము చెదరక, స్వరము తొణకక నిలుచుట వారికి కళ మాత్రమే కాదు, ఆత్మరక్షణము. 1940ల నాటి జాజ్ గోష్ఠులలో ఈ మాట ప్రబలినది. ఈ వాడుకకు ప్రాచుర్యము తెచ్చినవాడుగా శాక్సఫోను విద్వాంసుడు లెస్టర్ యంగ్ పేరు చెప్పుదురు. మైల్స్ డేవిస్ వాద్యగీతములు “బర్త్ ఆఫ్ ది కూల్” అను పేర 1957లో ఒక సంపుటిగా వెలువడినవి. ఆ సంగీతము విన్నవారికి ఆ పేరెందుకో చెప్పనక్కరలేదు. మనకు మాత్రము చల్లదనము ఎన్నడును నిరాదరము కాలేదు. “నీ కడుపు చల్లగా”, “చల్లగా ఉండు నాయనా” అని దీవించిన భాష మనది. రోహిణీ ఎండలు ఎఱిగిన జాతికి చల్లదనము దీవెన గాక మఱేమగును? నేడు మన పిల్లలు “కూల్” అన్నప్పుడు నాకు జాజ్ గోష్ఠియు, ఆ దీవెనయు ఒక్కసారిగా వినబడును.

కొన్ని పదములకు పతనమును లేదు, ఉన్నతియు లేదు. ఒకరి సొత్తగుట కలదు. ఉల్లాసమును తెలుపుచు శతాబ్దులు జీవించిన “గే” ఇరువదవ శతాబ్దిని స్వలింగప్రేమికులకు పేరైనది. నిందలు భరించిన వారు తమకు తాము ఎన్నుకొని నిలుపుకొన్న పేరు అది. పాత కావ్యములలో ఉల్లాసార్థమున ఆ పదము తగులునప్పుడు నేటి పాఠకుడు ఒక క్షణము తడబడును. ఆ తడబాటును చూచి పదము చెడినదని విలపించుట న్యాయము కాదని నాకు తోచును. ఇంపైన పేరు వారికిని కావలెను గదా. షేక్‌స్పియర్ “టెంపెస్ట్” నాటకమున శోభాయమానమను అర్థమున వాడిన “బ్రేవ్” నేడు శౌర్యమునకే మిగులుటచేత, 1932లో ఆల్డస్ హక్స్‌లీ ఆ నాటకమునుండి గ్రహించి తన నవలకు పెట్టిన పేరును అనేకులు ధీరలోకమని పొరబడుట మాత్రము నాకు నిజముగ కష్టము కలిగించును.

మన “కంపు” మాట చెప్పక ఈ ప్రసంగము విడువలేను. ప్రాచీన కవుల కాలమున కంపు అనగా పరిమళము. పూవులకు, చందనమునకు, చిరుగాలికి కంపు ఉండెడిది. “కమ్మని” అను మాట నేటికిని ఆ పరిమళమును మోయుచున్నది. కంపు మాత్రము మురుగుకాలువపాలైనది. పాత కావ్యము చదువుచు తరగతిలో పిల్లలు ఆ మాటకు నవ్వినప్పుడు, ఉపాధ్యాయుడు ఒక క్షణము ఆగి ఆ మాట వెయ్యేండ్ల క్రిందట ఎట్లుండెనో చెప్పినయెడల, ఆ పూట వారికి ఒక పద్యమేకాక ఒక పదముయొక్క జీవితమంతయు తెలియును.

మారని మాటయే లేదా అని అడుగవచ్చును. ఒకటి ఉన్నది. “స్వీట్” అను పదము నాలుకపై తీపిని, చెవికి ఇంపును, మనస్సునకు హాయిని పాత ఇంగ్లీషు నాటినుండి నేటివరకు ఒకే తీరున చెప్పుచున్నది. దాని వెనుకకు పోయినను మూర్ఖుడు కనబడడు, మంత్రగాడు కనబడడు, భయము కనబడదు. కనబడునది మన “స్వాదు”. లాటినున “సువావిస్”, గ్రీకున “హేడుస్” దాని తోబుట్టువులు. ఆస్వాదించుట, స్వాదిష్ఠము అని మనము పలుకునప్పుడు, ఇంగ్లీషుబిడ్డ “స్వీట్” అని పలుకునప్పుడు, వేలయేండ్ల క్రిందట ఒక్క తల్లి ఒడిలో నాలుకపై నిలిచిన ఒక్క ధ్వనియే రెండుగా వినబడుచున్నది.

పిండిమరకు నాలుగిండ్ల అవతల మిఠాయి కొట్టు ఒకటి కలదు. సంక్రాంతికి బెల్లపు అరిసెలు, సున్నుండలు అద్దాల బీరువాలో పేర్చి పెట్టుదురు. దాని పలకపై తెలుగు అక్షరములతో “స్వీట్స్” అని వ్రాసియున్నది. ఇంతకాలము ఆ పలక క్రిందుగా నడచుచు దానిని పరాయిమాట అనుకొంటిని. ఆనాటి నిఘంటుపఠనము తరువాత మఱునాడు ఆ దారిన పోవుచు తలయెత్తి చూచినప్పుడు, చిన్నప్పుడే దూరదేశము పోయి, వేషభాషలు మారి, ముదిమిలో పుట్టింటి వీథికి తిరిగివచ్చి నిలిచిన ఆడపడుచు వలె అది నాకు కనబడినది. లోపలికి పోయి పావుకిలో సున్నుండలు కట్టించుకొని ఇంటికి తెచ్చితిని.